మిషను ఇస్తే సరిపోతుందా?

(సొసైటీ వార్షిక సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళకు దగ్గరగా బడిలో పాఠాలు చెబుతున్నవాణ్ణి కాబట్టి అడగడం సహజమే. కానీ ఈ ఏడాది నా మనసులో ఇంకో సంగతి మెదులుతోంది. అదీ చదువుకు సంబంధించిందే. మనం రోజూ వాడే వస్తువులు మనకు అర్థం కాకుండా పోతున్నాయి, చెడితే బాగుచేసుకునే వీలు లేకుండా పోతోంది. దీనికీ మనం చేసే దానధర్మాలకూ సంబంధం ఉందని నాకు ఒక ఇంట్లో తెలిసింది. ముందు ఆ ఇంటి సంగతి చెబుతాను.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి పది రోజులు వరుసగా రాలేదు. తెలివైన పిల్ల, లెక్కల్లో ముందుంటుంది. ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి లేడు. తల్లి కుట్టుపని చేసి ఇల్లు నడిపేది. ఆ మధ్య ఎవరో మంచి మనసుతో ఆమెకు కరెంటు కుట్టుమిషను ఇచ్చారు. ఎవరు ఇచ్చారో చెప్పను, వాళ్ళ ఉద్దేశంలో లోపం లేదు. తెల్లగా, తేలికగా, చూడముచ్చటగా ఉంది మిషను. నేను వెళ్ళేసరికి దాని మీద గిన్నెలు బోర్లించి ఉన్నాయి.

"ఏమ్మా, మిషను వాడటం లేదా?" అన్నాను.

"ఏడు నెలలు బాగా కుట్టింది సార్. ఒకరోజు టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోయింది. ఇక్కడ చూపించాను, ఒంగోలు కూడా తీసుకుపోయాను. ఆ సామాను విడిగా దొరకదంట. కొత్తది కొనుక్కోమన్నారు" అంది.

కొత్తది కొనే స్తోమత ఉంటే ఆమెకు దానం దేనికి? అది మిరపకోతల కాలం. తల్లి కూలికి పోతోంది, ఒక్కరి కూలి చాలక కూతుర్నీ తీసుకుపోతోంది. పిల్ల బడికి రాకపోవడానికి కారణం అది.

స్క్రూడ్రైవరు అడిగి తీసుకొని ఆ మిషను అడుగు మూత విప్పాను. లోపల ఒక చిన్న ప్లాస్టిక్ పళ్ళ చక్రం ఉంది, దాని పళ్ళు రెండు విరిగాయి. గోరంత ముక్క అది. అది విరిగితే మిషను ఆగింది. మిషను ఆగితే కూలికి పోవలసి వచ్చింది. కూలికి పోతే చదువు ఆగింది. అదే వీధిలో మూడిళ్ళ అవతల ఇంకో ఆమె దగ్గర కాలితో తొక్కే ఇనప మిషను ఉంది. అది వాళ్ళ అత్తగారి పెళ్ళినాటిది. తోలు బెల్టు తెగితే మారుస్తారు, దారం తెగుతుంటే షటిల్ విప్పి తుడుస్తారు, నెలకోసారి నాలుగు చుక్కల నూనె వేస్తారు. ఈనాటికీ కుడుతోంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక నాకు మా నాయన గుర్తొచ్చాడు.

మాది దూదేకుల కుటుంబం. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకొని దర్శి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడట. పరుపులు, దిండ్లు ఏకి ఇచ్చేవాడు. ఆ విల్లు నారి తెగితే ఆయనే కట్టుకునేవాడు, కర్ర పగిలితే ఆయనే చెక్కుకునేవాడు. తన పనిముట్టులో తనకు తెలియని భాగం ఒక్కటీ ఉండేది కాదు. దూది ఏకే మిషన్లు వచ్చాక విల్లుకు పని పోయింది. మా నాయన రిపేరు పనిలోకి దిగాడు. సంత రోజున గోతం పరచుకొని కూర్చునేవాడు. పెట్రోమాక్సు లైట్లు, కిరసనాయిలు స్టవ్వులు, తాళాలు, గొడుగులు, టార్చిలైట్లు, కొన్నాళ్ళకు రేడియోలు కూడా బాగుచేశాడు. ఆయన చదివింది మూడో తరగతి.

పెట్రోమాక్సు లైటు ఎలా వెలుగుతుందో మా నాయన నాకు ఒక్క సాయంత్రంలో చెప్పాడు. అడుగు ట్యాంకులో కిరసనాయిలు పోసి, పంపు కొట్టి గాలి నింపుతాం. ఆ గాలి ఒత్తిడికి నూనె గొట్టంలో పైకి ఎక్కుతుంది. అక్కడి వేడికి ఆవిరవుతుంది. సన్నని నాజిల్ రంధ్రంలోంచి బయటికొచ్చి గాలితో కలిసి మాంటిల్ లో మండుతుంది. వెలుగు తగ్గితే మూడే కారణాలు: గాలి పోతోంది, నాజిల్ మూసుకుంది, మాంటిల్ చిరిగింది. మూడూ కంటితో చూసి తెలుసుకోవచ్చు. నేను బి.ఇడి.లో చదివిన బోధనా పద్ధతులన్నీ మా నాయన చెప్పిన ఆ పాఠం ముందు చిన్నవే అనిపిస్తుంది. పెళ్ళిళ్ళకు ఆ లైట్లు అద్దెకు తెచ్చుకున్నవాళ్ళు కూడా పిన్ను పెట్టి నాజిల్ శుభ్రం చేసుకోగలిగేవాళ్ళు.

అయితే మా నాయన నాకు ఆ పని నేర్పలేదు. "నువ్వు చదువుకో. ఈ మసి నాతోనే పోనీ" అనేవాడు. నేను చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది. ఆయన పోయాక ఆ సామాన్ల పెట్టె పాత ఇనుము కింద అమ్మేశాం. ఆ పని చేసినందుకు ఆ రాత్రి మొదటిసారి నేను సిగ్గుపడ్డాను.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. రిపేరు మన సమాజానికి తరతరాల జీవనాధారం. 2007లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు ఇచ్చిన జాబితా చదవండి. అందులో తురక కాశ వారికి ఉన్న పేర్లలో తిరుగటి గంట్ల వారు, రోళ్ళకు కక్కు కొట్టేవారు అనేవి ఉన్నాయి. అరిగిన తిరుగలికి గంట్లు పెట్టడం, నునుపెక్కిన రోటికి కక్కు కొట్టడం వాళ్ళ పని. పాడైనదాన్ని మళ్ళీ పనికి తెచ్చేవాళ్ళు అన్నదే వాళ్ళ పేరయింది. మన ఊళ్ళలో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసినవారు, గడియారాలు బాగుచేసినవారు, సైకిలు షాపు, పంచరు షాపు, వెల్డింగు, మోటారు వైండింగు, స్కూటరు మెకానిక్కు – వీళ్ళలో మనవాళ్ళు ఎంతమందో మీకు చెప్పనక్కర లేదు. కాబట్టి వస్తువు రిపేరుకు లొంగకుండా పోతే కొన్నవాడికి ఒకసారి నష్టం, మనకు రెండుసార్లు. కొన్నవాళ్ళుగా డబ్బు పోతుంది, బాగుచేసేవాళ్ళుగా పని పోతుంది.

ఎందుకిలా జరిగింది? నాకు తెలిసినంతలో నాలుగు కారణాలు చెబుతాను.

మొదటిది, విడివిడి భాగాలు ఒకటైపోవడం. పాత రేడియో వెనుక అట్ట విప్పితే లోపల ఒక్కో భాగం ఒక్కోచోట కనిపించేది. చాలా రేడియోలకు సర్క్యూటు బొమ్మ లోపలే అంటించి ఉండేది, లేదా వెంట ఇచ్చే కాగితంలో ఉండేది. చెడిన భాగం తీసి కొత్తది అతికితే పాట వచ్చేది. ఇప్పుడు అన్నీ కలిపి ఒకే బోర్డు. పది రూపాయల భాగం పోయినా బోర్డు మొత్తం మార్చమంటారు.

రెండోది, స్క్రూల స్థానంలో జిగురు రావడం. పదిహేనేళ్ళ కిందటి ఫోనుకు వెనుక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చేవాళ్ళం. ఇప్పుడు వేడిచేసి అద్దం ఊడదీయాలి. చేయి వణికితే అద్దం పగులుతుంది.

మూడోది, యంత్రంలోకి కంప్యూటరు చేరడం. పొదిలి రోడ్డులో నా పాత విద్యార్థి ఒకడు ఇరవై ఏళ్ళుగా మోటారు సైకిళ్ళ షాపు నడుపుతున్నాడు. కార్బొరేటరు విప్పి, పెట్రోలుతో కడిగి, జెట్టు నోటితో ఊది బిగించాడంటే బండి పాడుకుంటూ పోయేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బి.ఎస్-6 నిబంధనలు వచ్చాయి. కొత్త బళ్ళలో కార్బొరేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్టరు వచ్చింది. దాన్ని నడిపేది చిన్న కంప్యూటరు, దానికి సమాచారం ఇచ్చేవి సెన్సార్లు. ఏదైనా తేడా వస్తే మీటరులో ఒక లైటు వెలుగుతుంది. ఎందుకు వెలిగిందో చదవాలంటే స్కానరు కావాలి. "బండి నాకు తెలుసు సార్, ఆ లైటు భాష తెలియదు. స్కానరు కొందామంటే ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. నెలకు రెండు బళ్ళ కోసం అంత పెట్టుబడి ఎలా పెట్టను?" అన్నాడు వాడు. వాడి చేతిలో పని తగ్గలేదు, పనిలోకి వెళ్ళే తలుపుకు తాళం పడింది.

నాలుగోది, విడిభాగాల లెక్క. భాగం దొరకదు, దొరికినా కొత్త వస్తువు ధరలో సగం ఉంటుంది. అప్పుడు ఎవరైనా కొత్తదే కొంటారు. కొన్నిసార్లు ఇది కావాలని చేసిందే. 1924లో ప్రపంచంలోని పెద్ద పెద్ద బల్బు కంపెనీలు కూడబలుక్కొని, బల్బు వెయ్యి గంటల కన్నా ఎక్కువ వెలగకూడదని కట్టడి చేసుకున్నాయి. ఎక్కువకాలం వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా కూడా పెట్టుకున్నారు. ఫీబస్ కూటమి పేరుతో అది చరిత్రకెక్కింది.

అయితే నేను పాతదంతా బంగారం అనను. అలా అంటే అబద్ధమవుతుంది. మా నాయన రేడియో బాగుచేసిన రోజుల్లో వీధికి ఒక్క రేడియో ఉండేది. ఈ రోజు కూలి చేసుకునే ఇంట్లో కూడా ఫోనుంది. జిగురు వేసి మూసినందుకే కొన్ని ఫోన్లు వానలో తడిసినా బతుకుతున్నాయి. బి.ఎస్-6 వల్ల బండి పొగ తగ్గింది. పాత సీలింగు ఫ్యాను 75 వాట్ల కరెంటు తింటే, ఇప్పటి బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల తిరుగుతుంది. బిల్లు తగ్గుతుంది. కానీ పాత ఫ్యాను తిరగకపోతే కండెన్సరు మారుస్తాం, అది ప్రతి ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. కొత్తదానిలో బోర్డు పోతే కంపెనీ వైపు చూడాలి. లాభం ఉంది, దానికి మనం ఇస్తున్న వెల కూడా ఉంది. లాభం గురించి అమ్మేవాడు చెబుతాడు. వెల గురించి చెప్పేవాళ్ళు లేరు. అందుకే నేను చెబుతున్నాను.

కొత్త యంత్రం అంటే రిపేరుకు లొంగనిదే అయి ఉండాలన్న రూలు ఎక్కడా లేదు. దీనికి సాక్ష్యం మన వీధుల్లోనే ఉంది. మనం బోరింగు అనే చేతిపంపు చూడండి. 1970ల్లో యునిసెఫ్ సహకారంతో మన దేశంలో ఇండియా మార్క్-2 పంపు తయారైంది. అంతకుముందు వాడిన పోత ఇనుము పంపులు కొద్ది రోజులకే విరిగిపోయేవి. మార్క్-2 గట్టిది. కానీ లోపలి వాషరు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాలి, దానికి బండి, మనుషులు కావాలి. కబురు పంపి రోజులతరబడి ఎదురుచూడాలి. అప్పుడు ఇంజనీర్లు ఏం చేశారు? గొట్టం వెడల్పు పెంచి మార్క్-3 రూపొందించారు. గొట్టాలు పీకకుండానే లోపలి పిస్టను, వాల్వు పైకి తీయవచ్చు. గ్రామంలోనే, నేర్పితే ఆడవాళ్ళు కూడా వాషరు మార్చగలగాలి అన్నది వాళ్ళ ఉద్దేశం. తయారుచేసేవాడు తలచుకుంటే, వాడేవాడి చేతికి అందేలా యంత్రాన్ని చేయవచ్చు.

దీనికి పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. మన పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడు బాధ మీ అందరికీ తెలుసు. గారపట్టిన పళ్ళు, వంగిన నడుములు నా తరగతిలోనూ చూశాను. అందుకే ఎక్కడికక్కడ ఆర్.ఓ. ప్లాంట్లు పెట్టారు. చాలావాటికి మీలాంటి దాతలే డబ్బిచ్చారు. ఆ ప్లాంటులో ఎక్కువ ఒత్తిడి మీద నీటిని ఒక పొర గుండా తోస్తారు. ఆ పొర ఫ్లోరైడును, లవణాలను ఆపుతుంది. కొన్నాళ్ళకు పొర మూసుకుపోతుంది, కడగాలి. ఇంకొన్నాళ్ళకు మార్చాలి. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. పొర దెబ్బతిన్నా నీళ్ళు మాత్రం తేటగానే వస్తాయి. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ప్లాంటు ప్రారంభించిన రోజున రిబ్బను కత్తిరించేవాళ్ళు ఉంటారు. పొర ఎప్పుడు మార్చాలి, ఆ డబ్బు ఎక్కడిది, నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పరీక్షకు పంపాలి అని అడిగేవాళ్ళు ఉండరు. మీరు కట్టించినవాటి దగ్గరికి ఒకసారి వెళ్ళి ఈ మూడు ప్రశ్నలు అడిగి రండి.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో పెద్ద రైతులు కూడా తమ ట్రాక్టరు తాము బాగుచేసుకోలేక అల్లాడారు. ఇంజను తెలుసు, చేతిలో పానా ఉంది, కానీ కంపెనీ సాఫ్ట్‌వేరు ఒప్పుకుంటే గాని ట్రాక్టరు కదలదు. వాళ్ళు పోరాడితే 2023లో కొలరాడో రాష్ట్రం రైతుకు రిపేరు హక్కు ఇస్తూ చట్టం చేసింది. ఫ్రాన్సులో 2021లో ఫోను, టీవీ, వాషింగు మిషను వంటి వస్తువుల మీద రిపేరుకు ఎంత అనువుగా ఉన్నాయో పదికి మార్కులు వేసి చూపించాలని నియమం తెచ్చారు. యూరోపు దేశాల్లో 2027 ఫిబ్రవరి నుంచి ఫోన్ల వంటి వాటిలో బ్యాటరీని వాడేవాడే మార్చుకోగలిగేలా ఉండాలని నియమం చేశారు.

మన దేశంలోనూ కదలిక ఉంది. 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయటి మెకానిక్కులకు విడిభాగాలు, రిపేరు సమాచారం అందనివ్వడం లేదన్నది అభియోగం. ఆ వ్యవహారం తర్వాత పై కోర్టులకు వెళ్ళింది. కానీ మన షెడ్డు మెకానిక్కు పక్షాన అంత పెద్ద మాట అధికారికంగా పలికిన సందర్భం అది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంటి వస్తువులు, వాహనాలు – ఈ నాలుగు రంగాల కంపెనీలు తమ రిపేరు వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. మోసపోయామనుకుంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఈ నంబరు మా పిల్లలతో నోటుపుస్తకం మొదటి పేజీలో రాయిస్తున్నాను.

చట్టం వచ్చేదాకా ఊరుకోవాలా? ఇక్కడ మన పెద్దల నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. 1206లో అల్-జజరీ అనే ముస్లిం ఇంజనీరు తాను చేసిన నీటి గడియారాలు, నీళ్ళు తోడే యంత్రాలు, ఇతర పరికరాల మీద పెద్ద గ్రంథం రాశాడు. అప్పుడాయన ఈనాటి తుర్కియేలోని దియార్‌బకిర్ ప్రాంతంలో రాజాస్థానంలో పనిచేసేవాడు. ప్రతి యంత్రానికీ బొమ్మలు గీశాడు, ఏ ముక్క దేనితో చేయాలి, ఎక్కడ ఎలా అతకాలి అని పనివాడికి తెలిసే మాటల్లో వివరించాడు. 1974లో అది ఇంగ్లీషులోకి వచ్చాక, ఆ వివరాల ఆధారంగా ఈ కాలపువాళ్ళు ఆయన గడియారాన్ని మళ్ళీ కట్టి చూపించగలిగారు. దాచుకొని ఉంటే ఆయనతోనే పోయేది. విద్య దాచుకోకపోవడం మనకు పెద్దలిచ్చిన ఆస్తి. దావూద్ అలైహిస్సలాం రాజై ఉండి కూడా ఇనుముతో కవచాలు చేసి తన చేతి కష్టం మీద బతికిన ప్రవక్త అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మరి మన పిల్లవాడు చేతికి మసి అంటించుకుంటే మనం ఎందుకు చిన్నబోతున్నాం?

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. పదో తరగతి పిల్లలకు ఓమ్ నియమం చెబుతాం, లెక్కలు చేయిస్తాం, మార్కులు తెప్పిస్తాం. ఒకరోజు పాడైన ఛార్జింగు లైటు ఒకటి తరగతికి తెచ్చి విప్పమన్నాను. నూటికి తొంభై తెచ్చుకునే పిల్లలు దాన్ని ముట్టుకోవడానికి భయపడ్డారు. వెనుక బెంచీలో కూర్చునే ఒకడు ముందుకొచ్చి విప్పాడు. వాడి తండ్రి మోటారు వైండింగు చేస్తాడు. తీగ ఎక్కడ ఊడిందో చూపించాడు, అతికితే లైటు వెలిగింది. తరగతి అంతా చప్పట్లు కొట్టింది. ఆ ఏడాదంతా ఆ పిల్లవాణ్ణి నేను మొద్దు అనుకున్నాను.

ఆ వైండింగు షాపులు చూడండి, మన ఆశ అక్కడుంది. మూడు నాలుగు వందల అడుగుల లోతు బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోతే పైకి లాగి దర్శికి తెస్తారు. కాలిన రాగి తీగ తీసి, చుట్లు లెక్కపెట్టి, అదే గేజి తీగతో మళ్ళీ చుడతారు. పైరు ఎండకముందే మోటారు తిరిగి బోరులోకి దిగుతుంది. కష్టమైన పనే. అయినా మన ఊళ్ళో నిలిచింది. ఎందుకంటే దాని లోగుట్టు తెరిచి ఉంది, తీగ బజారులో దొరుకుతుంది, నేర్పే మేస్త్రీ ఉన్నాడు. ఈ మూడూ ఉంటే మనవాళ్ళకు రానిదంటూ లేదు.

ఇక దాతలకు నా విన్నపాలు. నాలుగే.

ఒకటి. కుట్టుమిషను, మూడు చక్రాల బండి, నీటి ప్లాంటు, ట్యాబు – ఏది ఇచ్చినా కొనే ముందు అడగండి. దీని విడిభాగాలు దర్శిలో గాని ఒంగోలులో గాని దొరుకుతాయా? మూత స్క్రూలతో విప్పవచ్చా? బ్యాటరీ మార్చవచ్చా? బాగుచేయగలవాడు మన ఊళ్ళో ఉన్నాడా? వెయ్యి రూపాయలు తక్కువకు వచ్చిందని బాగుపడని వస్తువు ఇస్తే, ఆ దానం వారంటీతో పాటే ముగిసిపోతుంది.

రెండు. మిషనుతో పాటు ఒక చిన్న సంచి ఇవ్వండి. అందులో స్క్రూడ్రైవరు, నూనె డబ్బా, నాలుగు సూదులు, అదనపు బాబిన్ కేసు. దానికి తోడు ఒక టైలరు మేస్త్రీ దగ్గర రెండు రోజుల శిక్షణ. పది మిషన్లు ఇచ్చే డబ్బుతో తొమ్మిదే ఇచ్చి, పదో మిషను సొమ్మును మిగతా తొమ్మిదింటి రిపేరుకు పెట్టండి. ఫోటోలో ఒక మిషను తగ్గుతుంది, ఏడాది తర్వాత తొమ్మిదీ నడుస్తుంటాయి.

మూడు. మన మెకానిక్కులకు ఉమ్మడిగా ఒక స్కానరు కొనివ్వండి. ఒక్కొక్కరు కొనలేనిది పది షాపులకు కలిపి ఒకటి ఉంటే చాలు. వాడిన వారు కొంత రుసుము ఇస్తే దాని ఖర్చు అదే భరించుకుంటుంది. కొత్త బళ్ళ పని నేర్పే శిక్షణకు ఏటా ఇద్దరిని పంపండి.

నాలుగు. మన స్కాలర్‌షిప్పులు ఇంజనీరింగు, మెడిసిన్ పిల్లలకే వెళ్తున్నాయి. ఇవ్వండి, వద్దనను. ఐ.టి.ఐ.లో రెండేళ్ళ ఎలక్ట్రీషియను కోర్సు, ఏడాది డీజిల్ మెకానిక్కు కోర్సు చదివే పిల్లలకూ ఇవ్వండి. పేరు పిలిచి ఇదే వేదిక మీద శాలువా కప్పండి. ఆ కోర్సు ఓడిపోయినవాళ్ళది కాదని వాళ్ళకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ తెలియాలి.

సదఖా జారియా గురించి మీకు నేను చెప్పేదేముంది? మనిషి పోయాక కూడా పుణ్యం ఆగని దానం అది. బావి తవ్వించడం, విద్య నేర్పడం అందులోవి. పనిచేయని మిషను బీరువా కింద దుమ్ము పట్టి ఉంటుంది. దాన్ని బాగుచేసే విద్య మాత్రం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతూనే ఉంటుంది.

చివరగా ఆ అమ్మాయి సంగతి. నేను, ఇంకో ఇద్దరు టీచర్లు కలిసి పాత తొక్కుడు మిషను ఒకటి కొన్నాం. బజారులోని ఒక టైలరు మేస్త్రీ దాన్ని విప్పి సర్ది ఇచ్చారు, కూలి తీసుకోలేదు. పైగా తల్లీకూతుళ్ళిద్దరినీ రెండు ఆదివారాలు కూర్చోబెట్టి, సూది ఎత్తు ఎంత ఉండాలి, షటిల్ ఎప్పుడు దారం అందుకోవాలి, కుట్టు జారితే ముందు ఏం చూడాలి అన్నీ చేయించారు. అమ్మాయి మళ్ళీ బడికి వచ్చింది. పోయిన పాఠాలు పోయాయి, ఆ ఏడాది మార్కులు తగ్గాయి. అది మళ్ళీ రాదు. కానీ ఇప్పుడు వాళ్ళ వీధిలో ఎవరి మిషను ఆగినా ఆ పిల్లను పిలుస్తున్నారట. మొన్న నాతో అంది, "సార్, లోపల చూస్తే భయం పోతుంది సార్" అని.

మా నాయన పెట్టె అమ్మేశానని చెప్పాను కదా. ఈ ఏడాది జీతంలోంచి కొత్త సామాన్ల పెట్టె ఒకటి కొన్నాను. ఇవాళ దాన్ని సొసైటీకి అప్పగిస్తున్నాను. నెలకో ఆదివారం ఎవరైనా తమ పాడైన వస్తువు తెచ్చుకోవచ్చు. మేస్త్రీలు ఇద్దరు వస్తామన్నారు, నా విద్యార్థులు పక్కన కూర్చొని నేర్చుకుంటారు. ఆ పెట్టెలో ఇంకా చాలా సామాన్లకు చోటుంది. అది నింపే పని మీది.